పదకొండో రోజు తలూపినందుకు

చిక్కడపల్లి,
12 జనవరి 2026

రాగిణికి,

ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. మోకాలు ఎప్పటిలాగే ఉంది.

ఫోన్ చేయకుండా కాగితం మీద రాస్తున్నానని కంగారుపడకు. ఫోన్‌లో వినిపించే గొంతును నమ్మడం మానేశాను. ఎందుకో చెబుతాను.

మొన్న శనివారం పొద్దున లైబ్రరీ పక్క గల్లీలో సత్తవ్వ బండి దగ్గర ఇడ్లీ తింటున్నాను. పక్కన ఒక అమ్మాయి. పేరు తేజస్వి. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. భుజాన బరువు సంచి, చెవిలో వైరు. సత్తవ్వ ఆమెతో మామూలుగా, "బిడ్డా, గీయన ఎవరనుకున్నవ్? మీ అకాడమీల చెప్పిన రాజ్యలక్ష్మి మేడం ఇంటాయన" అంది.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "నమస్తే సార్! మేడంకు థ్యాంక్స్ చెప్పుండ్రి సార్. నిన్న గోదావరి ఉపనదులు మూడుసార్లు అడిగిన. జర కూడా విసుక్కోలే."

సత్తవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ అమ్మాయి వైరు తీసి ఫోను నా ముందు పెట్టింది. రాజ్యం మాట్లాడుతోంది. మంజీర గురించి చెబుతోంది. వాక్యం మొదలుపెట్టే ముందు ఆమె చిన్నగా గొంతు సవరించుకునేది, నీకు గుర్తుండే ఉంటుంది. అది కూడా ఉంది.

నేను ఇడ్లీ పూర్తి చేయలేదు.

రాజ్యం పోయి ఏడు నెలలు. ఆ అమ్మాయికి ఆ సంగతి తెలియదు. మేడం ఎక్కడో కూర్చొని తనకు జవాబులు చెబుతోందనుకుంటోంది. ఆ క్షణాన నేనూ చెప్పలేదు.

అక్కడి నుంచి నేరుగా అశోక్‌నగర్‌కు నడిచాను. నూరుమెట్లు అకాడమీ గోడకు మూడంతస్తుల ఫ్లెక్సీ. రాజ్యం నవ్వుతున్న ఫోటో. 'రాజ్యలక్ష్మి మేడం, ఎప్పుడు అడిగినా జవాబు' అని రాసి ఉంది. దాని కింద ఇంకో పెద్ద ముద్ర. కృత్రిమ మేధను బాధ్యతగా నడిపే సంస్థలకిచ్చే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్‌ఓ 42001, తమకు దక్కిందట.

ఈ ప్రమాణాల పనే కదా నీ ఉద్యోగం. ఆ అకాడమీకి సలహా ఇస్తున్నది పుణెలో మీ కంపెనీయే అని నువ్వు మీ అత్తకు చెబుతుంటే విన్నాను. ఆమె ఆ రోజంతా అందరికీ చెప్పుకుంది, మా అన్న బిడ్డ మా అకాడమీకే పని చేస్తోందని.

ఒక్కటే ప్రశ్న. ఇది నీకు తెలుసా?

మామయ్య

తాజా కలం: మీ అత్త అల్లం దంచే చిన్న ఇత్తడి రోలు కనిపించడం లేదు. దినాలప్పుడు వంటకు వచ్చినవాళ్లు ఎక్కడో సర్దినట్టున్నారు. నీకేమైనా గుర్తుందా? అల్లం లేకుండానే చాయ్ తాగుతున్నాను.

*

పుణె,
19 జనవరి 2026

మామయ్యా,

నమస్కారం. మీ ఉత్తరం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు కింద పడి ఉంది. మీ చేతిరాతలో నా పేరు చూసి ఎన్నేళ్లయిందో. నారాయణగూడలో డిగ్రీ చదివే రోజుల్లో మీ ఇంట్లో ఉన్నప్పుడు ఫ్రిజ్ మీద చీటీ అంటించి వెళ్లేవారు, 'రాగిణి: గ్యాస్ ఆపు' అని. సంతోషంగా విప్పాను. చదివాక సంతోషం మిగల్లేదు.

మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. నాకు తెలుసు. మీకూ తెలుసనే అనుకున్నాను.

ఆగస్టులో అకాడమీ యజమాని ఫణికిరణ్ గారు, అత్త పాత క్లాసుల రికార్డింగుల నుంచి ఆమె గొంతుతో సందేహాలు తీర్చే ఏఐ ఒకటి చేయిస్తున్నామని మా మీటింగులో చెప్పారు. కుటుంబం ఒప్పుకుందా అని మొదట అడిగింది నేనే. "సార్‌తో నేనే స్వయంగా మాట్లాడానండీ, సరేనన్నారు, కళ్లనీళ్లు పెట్టుకున్నారు" అన్నారు. నాకూ కళ్లనీళ్లు తిరిగాయి. అత్త పాఠం ఆగిపోకూడదని మీరు మనసు రాయి చేసుకున్నారనుకున్నాను. గర్వపడ్డాను కూడా.

ఆ ప్రమాణం గురించి మీరు వ్యంగ్యంగా రాశారు. అది గోడకు అంటించే ముద్ర మాత్రమే కాదు మామయ్యా. చట్టమూ కాదు. ఏఐని వాడే సంస్థ తనకు తాను పెట్టుకునే కట్టుబాటు. దీనికి ఎవరు జవాబుదారీ, దీనివల్ల ఎవరికి ఏ నష్టం కలగవచ్చు, తప్పు జరిగితే ఎవరు ఆపుతారు, ఎవరు ఫిర్యాదు వింటారు, ఇవన్నీ ముందే ఆలోచించి నిర్ణయించుకోవాలి. ఆ మాట మీద నిలబడుతున్నారా లేదా అని బయటివాళ్లు వచ్చి చూస్తారు. ఎవరికీ పట్టని యంత్రాలను ఎవరో ఒకరికి పట్టేలా చేయడం నా పని. నమ్మే చేస్తున్నాను.

మీకు బాధ కలగడం సహజం. అనుమతి ఇచ్చాక మనసు మారడం కూడా తప్పేమీ కాదు. మీరు ఊఁ అంటే నేనే వాళ్లతో నెమ్మదిగా మాట్లాడతాను. నాకూ దిగులుగానే ఉంటుంది. ఆదివారాలు పనంతా అయ్యాక అత్త గొంతు పెట్టుకొని వింటూ కూర్చుంటాను. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రోలు కిటికీ గట్టు మీద ఉండేది. ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. అమ్మను అడిగాను, ఆమెకూ తెలియదంది.

మోకాలికి నూనె రాస్తున్నారా?

మీ
రాగిణి

*

చిక్కడపల్లి,
27 జనవరి 2026

రాగిణికి,

నీ ఉత్తరంలో రెండు మాటలున్నాయి. 'అనుమతి ఇచ్చాక.' వాటి దగ్గరే ఆగిపోయాను.

నేను ఎప్పుడిచ్చాను? ఎవరికిచ్చాను? బషీర్‌బాగ్ బీమా ఆఫీసులో క్లెయిముల విభాగంలో తల నెరిసినవాణ్ణి. సంతకం లేని కాగితాన్ని పక్క టేబుల్‌కు కూడా జరపనివ్వలేదు. అలాంటివాణ్ణి, నా భార్య గొంతును నోటిమాటతో రాసిచ్చానని నువ్వు నమ్మావు.

నిన్న జెండా పండగ. అకాడమీకి సెలవు. ఈ పొద్దున తెరవగానే వెళ్లాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఫణికిరణ్ లేచి ఎదురొచ్చాడు. "జగన్మోహన్ గారూ! మీరు రావడమేంటండీ, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా. ఎవరక్కడ, సార్‌కి టీ పట్రండి."

"టీ వద్దు. మా ఆమె గొంతు ఎవర్ని అడిగి పెట్టినవు?"

"అదేంటండీ, మిమ్మల్నే అడిగాను కదా! పదకొండో రోజు భోజనాల దగ్గర మీ పక్కనే కూర్చున్నాను. మేడం గొంతు మా పిల్లల దగ్గరే ఉంటుందండీ, ఎక్కడికీ పోదండీ అన్నాను. మీరు తలూపారు."

"ఆ దినం వడ్డించేటాయన ఇంకింత పప్పు ఎయ్యమంటరా అన్నా తలూపిన. తిన్ననా?"

"అంత మాటంటే ఎలాగండీ. మేడం మాకు తల్లిలాంటివారు."

"తల్లి చచ్చిపోయిందని పిల్లలకు చెప్పినవా?"

ఆయన తన ఫోను తీసి తెర అడుగున వేలు పెట్టి చూపించాడు. "ఇదిగోండి, రాసే ఉందండీ. ఇది ఏఐ ఆధారిత సేవ అని."

"భూతద్దం గూడ ఇస్తవా, నేను తెచ్చుకోవాల్నా?"

పదకొండో రోజు ఎవరేమన్నా తలూపాను, రాగిణీ. దైవేచ్ఛ అన్నవాళ్లకూ ఊపాను. అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతో పోయింది అన్నవాళ్లకూ ఊపాను. బయట చెప్పులు జాగ్రత్త అన్నవాడికీ ఊపాను. చావు జరిగిన ఇంట్లో మగవాడి తల గాలికి ఊగుతుంది. దాన్ని సమ్మతి కింద లెక్క రాసుకుంటారా?

దీనికి బాధ్యులెవరు అని అడిగాను. నీ ప్రమాణంలో మొదటి ప్రశ్న అదేనన్నావు కదా. ఫణికిరణ్ యాప్ చూసే కుర్రవాణ్ణి పిలిచాడు. ఆ కుర్రవాడు, మాది కాదు సార్, సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన కంపెనీది అన్నాడు. ఆ కంపెనీ వేరే ఊళ్లో ఉంది. వాళ్లకు ఫోన్ కలిపితే, మాకు గొంతు ఇచ్చింది అకాడమీ అన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఒకరికొకరు వేలు చూపించుకున్నారు.

చివరికి ఫణికిరణ్ ఒక ఫోన్ నంబర్ రాసిచ్చాడు. "దీనికి చెప్పండి సార్. ప్రతి ఫిర్యాదూ నమోదవుతుంది. అంతా అంతర్జాతీయ పద్ధతండీ."

మెట్ల మీద నిలబడి ఆ నంబర్‌కు ఫోన్ చేశాను.

రాజ్యం ఎత్తింది.

"నమస్కారం. నూరుమెట్లు అకాడమీ. మీ సమస్య చెప్పండి, నేను వింటాను" అంది. కాపురం చేసినన్నాళ్లలో ఆమె నాతో ఒక్కసారి కూడా అలా అనలేదు. "ఏమైంది, మొహం గట్ల పెట్టినవ్?" అనేది.

చెప్పాను. ఏం చేయను? చెప్పాను. నా భార్య గొంతు మీద నేను చేసిన ఫిర్యాదును నా భార్య గొంతే రాసుకుంది. ఒక నంబరిచ్చింది. ధన్యవాదాలు చెప్పింది. ఈ రోజు మీకు శుభం కలగాలి అంది.

ఇదేనా నువ్వు నమ్మి చేసే పని?

జగన్మోహన్

తా.క.: కిటికీ గట్టు మీద లేదు. నీ ఉత్తరం రాకముందే చూశాను.

*

పుణె,
5 ఫిబ్రవరి 2026

మామయ్యా,

మీరు 'మామయ్య' అని కాకుండా పేరు రాసి సంతకం చేశారు. చూశాను.

ఫోన్ ఎత్తేది అత్త గొంతని నాకు తెలియదు. ఒట్టు. మేం చూసినప్పుడు ఆ గొంతు పాఠాల్లో సందేహాలు తీర్చడానికి మాత్రమే. ఆ తర్వాత అడ్మిషన్లకూ, ఫీజు గుర్తు చేయడానికీ, ఫిర్యాదులకూ వాడుకున్నారని మీ ఉత్తరం చూశాక ఆరా తీస్తేనే తెలిసింది. ఒక పనికని పెట్టినదాన్ని ఇంకో పనికి మార్చితే, ఎవరికి నష్టమో మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. ప్రమాణంలో అది గట్టిగానే ఉంది. వాళ్లు ఆలోచించలేదు. ముద్ర గోడ మీదకు ఎక్కాక లోపలి పుస్తకం మూసేశారు.

కానీ అదంతా వాళ్ల తప్పు. నా తప్పు వేరే ఉంది.

పరాయి ఇల్లయితే ఫణికిరణ్ గారి మాట నమ్మేదాన్ని కాదు. రాతలో చూపించమనేదాన్ని. ఆ కుటుంబానికి నేనే ఫోన్ చేసేదాన్ని. మన ఇల్లు కాబట్టి చేయలేదు. ఏడాది తిరగని ఇంట్లో ఆ మాట ఎలా ఎత్తడం, మీరు కదిలిపోతారేమో అనుకున్నాను. మనవాళ్లలో ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ సంకోచానికి మర్యాద అని పేరు పెట్టుకొని, అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగకుండా వదిలేశాను. ఎవరికి నష్టం కలగవచ్చు అని రాసేటప్పుడు విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అని రాశాను. మీరు అందులో లేరు. టిఫిన్ బండి దగ్గర నిలబడ్డ మీరు నాకు తట్టనే లేదు.

ఇంకోటి. రాజ్యలక్ష్మి గారు నాకు మేనత్త అని ఆ మీటింగులో నేను చెప్పలేదు. చెప్పి, ఈ పని ఇంకొకరికి ఇవ్వండి అనాల్సింది. రేపు మా మేనేజర్‌కు చెబుతున్నాను. ఏమవుతుందో చూద్దాం.

అకాడమీకి ప్రమాణపత్రం ఇచ్చిన సంస్థ వేరే ఉంటుంది. మీరు వాళ్లకు రాయండి. వాళ్ల చిరునామా వేరే కాగితం మీద పెట్టాను. మీ బాధ రాస్తే వాళ్లు సానుభూతి తెలిపి పక్కన పెట్టేస్తారు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరు విన్నారు, అంతే రాయండి.

ఒక్కటి అడగాలని ఉంది. కోపం తెచ్చుకోకండి. అత్తవి అన్నీ తీసేయించాలంటారా? ఆమెవి ఏమీ మిగలకూడదా?

మీ
రాగిణి

*

చిక్కడపల్లి,
14 ఫిబ్రవరి 2026

రాగిణికి,

నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు. అవును. అన్నీ.

ఇన్ని తప్పులు ఒప్పుకున్నదానివి, చివర్లో ఆ ప్రశ్న ఎలా అడగగలిగావు? నీకు ఆదివారం కాలక్షేపానికి గొంతు కావాలి. వాళ్లకు ఫీజులు గుర్తు చేయడానికి కావాలి. ఇద్దరికీ తేడా నాకు కనిపించడం లేదు.

ఫిర్యాదు పంపాను. ఎలా రాయాలో నువ్వు నేర్పనక్కర లేదు. క్లెయిములు చూసినవాడికి కన్నీళ్లు ఏ కాగితంలో పెట్టకూడదో తెలుసు.

తేజస్వికి నిజం చెప్పాను. లైబ్రరీ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. ఫోను సంచిలో పెట్టేసుకుంది. "సార్, గిన్ని దినాలు నేను ఎవరితోటి మాట్లాడిన?" అంది. 'ఏఐ ఆధారిత సేవతో' అని చెప్పనా?

రెండు రోజుల తర్వాత మళ్లీ కనిపించింది. కోపంగా ఉంది. నాకంటే ఎక్కువ కోపంగా ఉంది, అది నాకు నచ్చింది.

"సార్, నిన్న దానికి పరీక్ష పెట్టిన. మా ఊరి పక్కన బుడ్డవాగు అని ఉంటది. ఎండాకాలం బర్లకు గూడ నీళ్లు దొరకయి. ఏ పుస్తకంల ఉండదు. దాని గురించి చెప్పుండ్రి మేడం అన్న. ఏ గుట్టల పుట్టిందో, ఎన్ని మండలాలు తడిపిందో, ఏ నదిల కలిసిందో అంతా చెప్పింది. మా చెరువు కట్ట దాటి పోని వాగు సార్ అది!"

"పొరపాటుగా అన్నదేమో, మళ్లీ అడగకపోయినవా?"

"అడిగిన. ఇంక రెండు మండలాలు కలిపింది."

చాలా రోజుల తర్వాత నవ్వాను. ఆ నవ్వు వెంటనే చల్లారింది. ఎందుకంటే ఆ అమ్మాయి, "నేను మేడం దగ్గర కూసోని చదువుకోలే సార్. మా సీనియర్ అక్క చెప్పింది. మేడంకు తెలవకపోతే తెలవదు అనేదంట కదా?" అంది.

అనేది. నీకూ తెలుసు. "నాకు తెలవదు నాయనా, రేపు చెప్త." ఇరవై ఏళ్లు అదే మాట. అకాడమీలో మిగతా మాస్టర్లు నవ్వేవారు, తెలవదని చెబితే పిల్లలు పక్క కోచింగ్‌కు పోతారని. ఆమె వినలేదు. ఎవరో ఏదో అడిగిన రోజు క్లాసు అయ్యాక ఇంటికి వచ్చేది కాదు. లైబ్రరీకి వెళ్లేది. అక్కడ దొరక్కపోతే ఆదివారం కోఠీకి వెళ్లి ఫుట్‌పాత్ మీద పాత జిల్లా గెజిటీర్లు తిరగేసేది. నేను ఆమెను తిట్టేవాణ్ణి, ఒక్క పిల్లవాడి డౌటు కోసం ఎండలో ఏం తిరుగుడు అని. "వాడు నమ్మి రాసుకుంటడు గదా" అనేది. అంతే. అంతకంటే ఏమీ చెప్పేది కాదు.

ఆ మనిషి గొంతు తీసుకొని, చెరువు కట్ట దాటని వాగుల్ని నదుల్లో కలుపుతున్నారు. పిల్లలు నమ్మి రాసుకుంటున్నారు. బతికున్నప్పుడు ఆమె ఒక్క అబద్ధం చెప్పి ఎరగదు. పోయాక రోజుకెన్ని చెప్పిస్తున్నారో ఎవరికీ లెక్క లేదు. నా దుఃఖం సంగతి వదిలెయ్. ఇది పరువు నష్టం.

నువ్వు ఇక ఇందులో కలుగజేసుకోకు.

జగన్మోహన్

*

పుణె,
20 మార్చి 2026

మామయ్యా,

కలుగజేసుకోవద్దన్నారు. ఇన్ని రోజులు రాయలేదు. ఇప్పుడు రాయకపోతే మాత్రం తప్పవుతుంది.

ముందు అకాడమీ సంగతి. నన్ను ఆ పని నుంచి తప్పించారు. బంధుత్వం దాచినందుకు హెచ్చరిక ఇచ్చారు. ఇవ్వాల్సిందే. అందుకని అక్కడ జరిగినదంతా వేరేవాళ్ల ద్వారానే విన్నాను.

మీ ఫిర్యాదు అందాక ప్రమాణపత్రం ఇచ్చినవాళ్లు ఇద్దరు తనిఖీకి వెళ్లారు. ఫ్లెక్సీలు, ఫైళ్లు ఏవీ చూడలేదట. ఒక్క ప్రశ్న అడిగారట, "ఈ గొంతును ఇప్పుడు, మేం కూర్చొని ఉండగా, ఆపండి. ఎవరు ఆపుతారు?" అని. ఫణికిరణ్ గారు కుర్రవాణ్ణి చూశారు. కుర్రవాడు ఫోన్ చూశాడు. ఎవరికీ చేతకాలేదు. ఇంట్లో గ్యాస్ వాసన వస్తోంది, రెగ్యులేటర్ ఎక్కడుందో ఇంటివాళ్లకే తెలియదు, అలా ఉంది వాళ్ల పని. నిజంగా ఆపడానికి మూడు రోజులు పట్టిందట. పత్రాన్ని అప్పటికప్పుడు నిలిపివేశారు. మీరు ఫిర్యాదులో రాసిన బుడ్డవాగు గురించి ఆ ఇద్దరూ తేజస్విని పిలిచి స్వయంగా విన్నారు.

ముద్రను నేను నమ్మాను, మామయ్యా. ఇప్పుడు ఆ ప్రశ్నను నమ్ముతున్నాను. ఆ ప్రశ్న అడిగే హక్కు బయటివాళ్లకు ఇచ్చింది ఆ ప్రమాణమే. దాన్ని ఫ్లెక్సీలా వాడుకున్నవాళ్లను తిట్టండి. నన్నూ తిట్టండి. దాన్ని మాత్రం పూర్తిగా తిట్టకండి.

గొంతు ఆగిందే కానీ, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర దాని ప్రతి ఇంకా ఉంది. దాన్ని తుడిచేయాలా ఉంచాలా అనేది మీరు రాతలో చెప్పాలి. ఫణికిరణ్ గారు మీ ఇంటికి వస్తారు. నోటిమాట చెల్లదని ఈసారి గట్టిగా చెప్పారు.

ఇప్పుడు నా సంగతి. మీరు నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారు. తప్పు నాదే, సరిగ్గా రాయలేదు.

నేను ఆదివారాలు వినేది ఆ యంత్రాన్ని కాదు. దాన్ని నేను ఒక్కసారే విన్నాను, పని కోసం. నేను వినేది అత్త పాత క్లాసు, నా డిగ్రీ రోజుల్లో నా ఫోన్‌లోనే రికార్డు చేసుకున్నది. ఫ్యాను చప్పుడు, బయట ఆటోల హారన్లు, ఎవరో కుర్చీ లాగడం, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక అబ్బాయి ఏదో అడుగుతాడు. అత్త చాలాసేపు మాట్లాడదు. తర్వాత "నాకు తెలవదు నాయనా, రేపు చెప్త" అంటుంది. క్లాసంతా నవ్వుతుంది. అత్త కూడా నవ్వుతుంది. అందుకోసమే వింటాను.

అన్నీ తీసేయించాలా అని అడిగింది ఆ క్లాసుల గురించి. అకాడమీ దగ్గర అలాంటివి వందలున్నాయి. అవి అత్తవి. యంత్రంతో పాటు వాటినీ తుడిచేయమంటారేమోనని భయపడ్డాను.

ఇంకో సంగతి చెప్పకూడదనుకున్నాను, కానీ మీకు తెలియాలి. ఆ యంత్రానికి నేర్పేటప్పుడు రికార్డింగుల్లో అత్త 'తెలవదు' అన్న చోట్లన్నీ కత్తిరించేశారట. జవాబు లేని ముక్క పనికిరాదని.

మీ
రాగిణి

*

చిక్కడపల్లి,
6 ఏప్రిల్ 2026

రాగిణికి,

ఆశీస్సులు.

ఆదివారం సంగతి నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ క్లాసు నాకూ పంపు. తొందరేమీ లేదు. పంపు.

కత్తిరించిన సంగతి చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. సత్తవ్వ అడిగింది, పానం మంచిగ లేదా అని. బాగానే ఉందన్నాను. ఆమె జీవితంలో నాకు తెలిసిన అత్యంత నిజాయితీ గల మాటను చెత్త అని కోసేశారు. దానికి ఏ శిక్ష వేయాలో నాకు తెలియదు.

నిన్న పొద్దున ఫణికిరణ్ వచ్చాడు. వెంట సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి ఒకడు. ఫ్లెక్సీ దించేశారట. పదకొండో రోజు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. ఈసారి కాగితాలు తెచ్చాడు. మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను. ఆయన గడియారం చూసుకున్నాడు. చూసుకోనిచ్చాను.

"సార్, ఇక్కడ ఓకేనా అండీ?" అన్నాడు.

తల కదల్చలేదు. "నోటితోటి చెప్త, చేత్తోటి రాస్త. నా తలను ఇంక నమ్మకు" అన్నాను.

రాసిచ్చింది ఇది. గొంతు ప్రతిని నా ఎదుట తుడిచేయాలి. పాత క్లాసులు ఉంచవచ్చు, నీ మాట ప్రకారం. ఒక్క ముక్క కూడా కోయకూడదు. 'తెలవదు' అన్న చోట్లు మళ్లీ అతికించాలి. ప్రతి క్లాసు ముందు, ఈమె 2025 జూన్‌లో చనిపోయారు అని, చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫణికిరణ్ సంతకం చేశాడు. వెళ్లేముందు, "నేను నిజంగానే మంచికే అనుకున్నానండీ" అన్నాడు. అది అబద్ధం కాదనిపించింది. అయినా కోపం తగ్గలేదు. మంచికే అనుకున్నవాళ్లే అడగరు.

తుడిచేసే ముందు సాఫ్ట్‌వేర్ మనిషి, "చివరిసారి ఒకసారి మాట్లాడతారా సార్?" అన్నాడు. వద్దన్నాను. అతను మీట నొక్కబోయాడు. ఆగు అని ఫోను తీసుకున్నాను.

"రాజ్యం, అల్లం దంచే రోలు ఏడ పెట్టినవ్?" అన్నాను.

గొంతు సవరించుకుంది. "వంటింట్లో పై అరలో, పప్పుల డబ్బాల వెనక ఉంది" అంది. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

ఫోను తిరిగి ఇచ్చేశాను. తుడిచేయమన్నాను. తుడిచేశారు.

వాళ్లు వెళ్లాక తలుపు వేసి, స్టూలు జరుపుకొని ఎక్కాను. మోకాలు ఒప్పుకోలేదు. అయినా ఎక్కాను. పప్పుల డబ్బాలన్నీ ఒక్కొక్కటే దించి చూశాను.

లేదు. ఉండదని స్టూలు ఎక్కకముందే తెలుసు.

వాళ్ల మీద నా అసలు ఫిర్యాదు ఇది. దీన్ని దేని కింద రాసుకుంటారో మీ ప్రమాణంలో చూసి చెప్పు. తెలియకపోతే తెలియదని రాయి.

మామయ్య